ఎవరూ లేరని నేను రాసిన ఇల్లు

ఎండు రొయ్యలు వేగుతున్న వాసన వీధిలోకి వస్తూ ఉంది. లోపల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. నేను గేటు బయట నిలబడి, ఆ ఇంటి కాగితంలో ‘ఖాళీ, ఎవరూ ఉండటం లేదు’ అని రాశాను. చెరపడానికి వీల్లేకుండా పెన్నుతో రాశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు.

కారణం పెద్దదేమీ కాదు. తలుపు తట్టడానికి సిగ్గేసింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నరసాపురంలో పుట్టి, విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదివి, పెళ్ళయ్యాక పెర్త్ వచ్చాను. ఎనభైల చివరి సంవత్సరాలవి. పాత కట్టడాల రక్షణ చూసే ఒక ప్రభుత్వ విభాగంలో కొలతలు తీసి పటాలు గీసే ఉద్యోగం దొరికింది. గోడలతోనే తప్ప మనుషులతో పని ఉండదనుకుని సంతోషంగా చేరాను. అందరూ కలిసి లంచ్ చేస్తుంటే నేను పటాల గదిలో కూర్చుని నవల చదువుకునేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్ళి, ఆ రోజు ఎవరితోనూ అనలేకపోయిన మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

ఈ మధ్య ఇక్కడ పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో మా పక్కింటి జెస్సీకి అలాంటి ఉద్యోగమే వచ్చింది. స్వీట్లు పట్టుకొచ్చి, “ఆంటీ, యాక్చువల్లీ మీరు డైలీ ఏం చేసేవారు? ఓల్డ్ బిల్డింగ్స్ చూసి రిపోర్ట్ రాయడమేనా?” అని అడిగింది. “అంతేనమ్మా” అన్నాను. అంతే కాదు. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ముప్పై ఏళ్ళలో చూసిన చర్చిలు, రైలు స్టేషన్లు, ఉన్ని గిడ్డంగులు అన్నీ పక్కన పెడతాను. ఒక్క వరస ఇళ్ళ గురించే చెబుతాను.

ముత్యపు చిప్పల పేట

పెర్త్ నుంచి విమానంలో రెండున్నర గంటలు ఉత్తరానికి వెళితే ఆ ఊరు. పేరు రాయను. ఆ ఇళ్ళ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. నేలంతా ఎరుపు, సముద్రం చిక్కటి ఆకుపచ్చ. వెనకటి రోజుల్లో ముత్యపు చిప్పలు తియ్యడానికి జపాన్ నుంచి, మలయ్ దీవుల నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, తిమోర్ నుంచి మనుషులు వచ్చారు. చైనా వాళ్ళు దుకాణాలు పెట్టారు. ఆ తీరపు ఆదివాసులైతే ఎప్పటినుంచో అక్కడివాళ్ళే. వీళ్ళు ఒకరితో ఒకరు కాపురాలు చెయ్యకూడదని అప్పట్లో చట్టాలుండేవి. చేశారు. వంటలు కలిశాయి, పేర్లు కలిశాయి, మాటలు కూడా కలిశాయి. మలయ్ మాటతో మొదలైన వాక్యం జపాన్ మాట మీదుగా వెళ్ళి ఇంగ్లీషులో తేలేది. క్రియోల్ అనే ఆ కలగలుపు భాష నాకు చెవికి పట్టింది గాని నాలుకకు పట్టలేదు. అందుకని ఇక్కడ వాళ్ళ మాటల్ని నా గోదావరి తెలుగులోనే పెడుతున్నాను.

ఆ పాత పేటని రక్షిత ప్రాంతంగా ప్రకటించాలని నిర్ణయం జరిగింది. మా పని పటం మీద ఒక గీత గీయడం. గీత లోపల పడిన ఇంటిని ఎవరూ ముట్టుకోలేరు. బయట పడిన ఇంటికి ఏ హామీ ఉండదు. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి ఇంటికొక కాగితం నింపేవాళ్ళం. ఎప్పుడు కట్టారు, దేనితో కట్టారు, తర్వాత ఏం మార్చారు, ఎవరుంటున్నారు. అన్నీ చూసి చివర ఏ, బి, సి, డి అని ఒక అక్షరం వెయ్యాలి. తప్పక కాపాడాల్సిన ఇంటికి ఏ, వదిలెయ్యదగ్గ ఇంటికి డి.

మా పై అధికారి పేరు కెవిన్. చెక్కని ముట్టుకుని ఏ చెట్టుదో చెప్పగలిగేవాడు. మేకు చూసి ఇంటి వయసు చెప్పేవాడు. నా పేరు నోరు తిరగక ‘సూ’ అనేవాడు. పనిలో అంత నిజాయితీ ఉన్నవాణ్ణి నేను తర్వాత ఎక్కువమందిని చూడలేదు. కానీ మనుషులతో మాట్లాడటం ఆయనకీ రాదు. నాకూ రాదు. అందుకే మా ఇద్దరికీ బాగా పొసిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పొసగడమే మా పనిలో ఉన్న లోపం.

పేట చివర ఐదు రేకుల ఇళ్ళు ఒక వరసగా ఉండేవి. వాటిలో మధ్య ఇల్లే నేను తలుపు తట్టనిది. గేటు దగ్గర నిలబడ్డాను. ముందు గుమ్మానికి బూజు పట్టి ఉంది. మెట్టు మీద ఆకులు రాలి ఉన్నాయి. ఎవరూ తొక్కిన జాడ లేదు. ‘చూడు, ఎవరూ వాడటం లేదు’ అని నాకు నేను చెప్పుకున్నాను. రొయ్యల వాసన మా అమ్మ వంటింట్లోంచి వచ్చినట్టే ఉంది. నవ్వులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. తట్టితే ఎవరో వచ్చి నన్ను చూస్తారు, నేను ఇంగ్లీషులో నన్ను నేను పరిచయం చేసుకోవాలి, నా ఉచ్చారణ వాళ్ళకి అర్థం కాదు, మళ్ళీ చెప్పమంటారు. ‘ఖాళీ’ అని రాశాను. చివర ‘డి’ వేశాను. పక్క ఇళ్ళు కూడా చూడటానికి అలాగే ఉన్నాయి కాబట్టి వాటికీ డి వేశాను.

ఆ రాత్రి డైరీలో మాత్రం నిజం రాశాను. ‘లోపల మనుషులున్నారు. రొయ్యలు. తట్టలేకపోయాను.’ ఆఫీసుకిచ్చిన కాగితంలో అబద్ధం, ఎవరూ చదవని పుస్తకంలో నిజం.

ఉత్తరం

ముసాయిదా పటం ఊళ్ళో అందరికీ కనబడేలా అంటించారు. నా అక్షరాల ప్రకారమే గీత ఆ ఐదిళ్ళని వదిలేసి, ముందు వీధి మీదుగా పోయింది. ఆ ఇళ్ళ కింద నేల ఊరి కౌన్సిల్‌ది. లీజు ఆ ఏడాదితో ముగుస్తుంది. గీత బయట ఉన్నాయి గనక ఇళ్ళు తీసేసి, కొత్తగా వస్తున్న హోటల్‌కి కార్లు నిలిపే చోటు చెయ్యాలని ఆలోచన. ‘ఖాళీగా ఉన్న కట్టడం’ గురించి ఆ ఇంటి చిరునామాకే నోటీసు కూడా పంపారు.

మూడు వారాలకి ఆ నోటీసే మా ఆఫీసుకి తిరిగొచ్చింది. దాని వెనక వైపు గుండ్రటి బడిపిల్లల రాతతో రెండు లైన్లున్నాయి. ‘ఈ ఇంట్లో ఎవరూ లేరట. మరి ఈ ఉత్తరం ఎవరు రాస్తున్నట్టు? మేవిస్, వయసు డెబ్బై ఒకటి, ఈ ఇంట్లోనే పుట్టింది.’

కెవిన్ చదివి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“సూ, ఈ కాగితం నువ్వేగా రాసింది? తాళం వేసి ఉందా?”

“తలుపు తియ్యలేదు” అన్నాను.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అంతటి మాట నేను జీవితంలో ఇంకోటి అనలేదు.

“సరే. వచ్చే శుక్రవారం అక్కడే కమిటీ కూర్చుంటుంది. సోమవారం విమానం ఎక్కు. ఐదిళ్ళూ మళ్ళీ కొలిచి తీసుకురా. అప్పటిలోగా కొత్త పటం లేకపోతే పాత గీతే ఖాయమవుతుంది. మెయిన్‌డోర్ మూడుసార్లు తట్టు. తీసేదాకా కదలకు.”

ముందు గుమ్మం

మూడుసార్లు తట్టాను. మొదటిసారి తట్టగానే లోపల రేడియో ఆగిపోయింది. రెండోసారికి ఎవరో పిల్లల్ని ‘ష్’ అన్నారు. మూడోసారికి ఆ ఇల్లు నిజంగానే ఖాళీ ఇల్లులా అయిపోయింది. నేను రాసింది నా కళ్ళముందే నిజమవుతున్నట్టు అనిపించి ఏడుపొచ్చింది.

ఎదురింటి అరుగు మీద ఒక ముసలాయన గొట్టంతో మిరప మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. దిన్ అంకుల్ అంటారని తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్న మలయ్ నావికుడు.

“ఏంటమ్మా, ఎవర్ని పట్టుకెళ్ళడానికొచ్చావు?” అన్నాడు.

“ఎవర్నీ కాదండీ. ఇల్లు కొలవడానికి.”

“కొలిచేవాళ్ళు ముందు నుంచే వస్తారు. పోలీసులూ ముందు నుంచే వస్తారు. నిన్ను చూస్తే ఇండియా పిల్లలా ఉన్నావు. మీ ఊళ్ళో పక్కింటికి పోతే ఇలాగే దబదబా బాదుతావా?”

నరసాపురంలో మేము ఎవరింటికైనా ముందు గుమ్మం నుంచి వెళ్ళామా? పెరటి దడి పక్కన నిలబడి ‘పిన్నీ, ఉన్నారా’ అని కేకేసేవాళ్ళం. ఆ మాట ఆయనతో అన్నాను.

“మరింకేం? తెలిసే చేస్తున్నావన్నమాట. వెనక్కి పో. కేకెయ్.”

ఇంటి పక్క సందులోంచి వెనక్కి వెళ్ళాను. అక్కడ దడి లేదు. ఐదిళ్ళ పెరళ్ళూ ఒకటే పెరడుగా ఉన్నాయి. వంటింటి గుమ్మాలన్నిటినీ కలుపుతూ, కాళ్ళతో నలిగి గట్టిపడిన ఒక ఎర్రమట్టి బాట ఉంది. మధ్య వంటింటి ఎదుట నిలబడ్డాను. ఇంగ్లీషులో ఏమని పిలవాలో తోచలేదు. నోట్లోంచి తెలుగే వచ్చింది.

“ఏమండీ! ఉన్నారా!”

లోపల్నుంచి వెంటనే జవాబొచ్చింది.

“ఎవరూ లేరు! కాగితంలో రాశారు కదా, చదవలేదా?”

లోపల నవ్వులు పేలాయి. అవే నవ్వులు. వంటింటి తలుపు తెరిచి ఒక సన్నటి, నల్లటి ముసలావిడ చేతిలో గరిటెతో నిలబడింది.

“రా పిల్లా. దెయ్యాల కొంపలో అన్నం తింటావా?”

వంటిళ్ళు

మేవిస్ ఆంటీ వాళ్ళమ్మ ఆ తీరపు ఆదివాసి. నాన్న ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పడవ వంటవాడు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా గోడకి ఆ నోటీసు ప్రతి ఒకటి మేకు కొట్టి ఉంది. ‘ఖాళీ’ అన్న మాట చుట్టూ ఎవరో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, కళ్ళూ నోరూ పెట్టి బొమ్మ గీశారు. అన్నం, చేపల పులుసు, వేయించిన రొయ్యల ముద్ద పెట్టారు. తల ఎత్తకుండా తిన్నాను. తల ఎత్తితే నా చేతిరాతలోంచి పుట్టిన మాట కనబడుతుంది.

“ఇది రాసిన మహానుభావుడెవరో నీకు తెలుసా?” అంది ఆంటీ.

“ఆఫీసులో చాలామంది ఉంటారండీ” అన్నాను.

“వాడికి కళ్ళు లేకపోయినా ముక్కయినా ఉండాలి కదే.”

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను.

తిన్నాక టేపు తీశాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత ఇంట్లో ‘తర్వాత చేసిన మార్పులు’ ఎంత తక్కువుంటే అంత మంచిదని మాకు నేర్పారు. మార్పుకి మార్కులు తగ్గించేవాళ్ళం. మేవిస్ ఆంటీ వంటింట్లో మార్పు కానిది ఏదీ లేదు. గోడ పలకలు చిప్పలు ఎగుమతి చేసిన పెట్టెలవి. వాటి మీద ఓడరేవుల పేర్లు ఇంకా చదవొచ్చు. ఒక మూల జపాన్ వడ్రంగి మేకు లేకుండా కూర్చిన అతుకు. దాని పక్కనే ఎవరో పడవ తాడుతో కట్టిన కట్టు. పొయ్యి పైన గాలికి చెక్కిన జాలీ ఒక చైనా దుకాణం వాళ్ళు ఇచ్చింది. కెవిన్ ఆ అతుకు చూస్తే మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ఒక్క కుటుంబం, ఐదారు దేశాల చేతులు, ఒకే గోడ. ఆ గోడలో అసలుదేదో మార్పేదో విడదీసి మార్కులు వెయ్యడం ఎంత తెలివితక్కువ పనో అక్కడ నిలబడితే తెలిసింది.

“వెనక దడి ఎందుకు లేదు ఆంటీ?” అని అడిగాను. నా మొదటి కాగితంలో ‘దడి లేదు, నిర్వహణ సరిగా లేదు’ అని ఉంది.

ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

“నా చిన్నప్పుడు ముందు తలుపు ఎవరైనా తట్టారంటే సర్కారు మనిషే. మా అమ్మలాంటి ఆదివాసులకి బయటివాళ్ళతో పుట్టిన పిల్లల్ని చూసి ఎత్తుకుపోయేవాళ్ళు. తట్టిన చప్పుడు వినగానే మా అమ్మ నన్ను ఈ తలుపులోంచి తోసేసేది. పక్క వంటింట్లో జపాన్ ఆవిడ నన్ను బియ్యం డబ్బా వెనక కూర్చోబెట్టేది. అక్కడికీ వస్తే దాని పక్కింటికి. ఐదు వంటిళ్ళు దాటితే మడ అడవి. దడి ఉంటే ఎలా పరిగెత్తను? ఎవరూ దడి కట్టలేదు. కట్టకూడదని ఎవరూ అనుకోనూ లేదు. అంతే.”

బల్ల మీది గిన్నె ముందుకు జరిపి మళ్ళీ అంది. “జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆ జపాన్ ఆవిడనీ ముందు తలుపు నుంచే పట్టుకెళ్ళారు. పొయ్యి మీద అన్నం ఉంది. మా అమ్మ వెళ్ళి దించింది. ఆవిడ గిన్నె ఇదే.”

ఆ గిన్నెలోదే నేను తిన్నాను.

మూడు రోజులు ఆ ఐదిళ్ళూ కొలిచాను. మొదటి ఇంటి దగ్గర సగం గొంతుతోనే కేకేశాను. ఐదో ఇంటికి వచ్చేసరికి కేక వినబడకముందే లోపల్నుంచి “రావే, టేపు పిల్లా” అంటున్నారు. మధ్య వంటింటి పక్క గోడలో జానెడు వెడల్పు కిటికీ ఒకటి ఉంది. దానిలోంచి చూస్తే గేటు పూర్తిగా కనిపిస్తుంది, ముందు గుమ్మం కనిపించదు. కొలిచి, చూపు వెళ్ళే దిక్కుకి చుక్కల గీత కూడా గీశాను. గీశాను గాని, ఆలోచించలేదు.

గురువారం హోటల్ గదిలో కూర్చుని పటాన్ని తిరగేసి వేశాను. పటాలన్నీ వీధి వైపు నుంచి గీస్తాం. నేను పెరటి వైపు నుంచి గీశాను. వీధి సన్నటి గీత. బాట లావుపాటి గీత. దాని వెంట ఐదు వంటిళ్ళు. విమానంలో వచ్చిన కెవిన్ దాన్ని చాలాసేపు చూశాడు. “నేనిన్నాళ్ళూ ఇళ్ళని తప్పు వైపు నుంచి చూస్తున్నాను” అన్నాడు. పై అధికారి కింది మనిషి బల్ల దగ్గర నిలబడి ఆ మాట అనడం నేను మళ్ళీ వినలేదు.

శుక్రవారం

కమిటీ స్కూలు హాలులో కూర్చుంది. ఊళ్ళోవాళ్ళు వెనక బెంచీల మీద ఉన్నారు. మేవిస్ ఆంటీ మంచి గౌను వేసుకుని, ఒళ్ళో మూత పెట్టిన గిన్నెతో వచ్చింది. కెవిన్ నన్నే మాట్లాడమన్నాడు. బాట గురించి, దడి లేకపోవడం గురించి, దాక్కున్న పిల్లల గురించి చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను.

అప్పుడు కమిటీలో ఒకాయన రెండు కాగితాలు ఎత్తి చూపించాడు.

“ఒకే ఇల్లు, రాసింది ఒకే మనిషి. ఒకదాంట్లో ఖాళీ. ఇంకోదాంట్లో ఏడుగురు. మీ కొలతలు నమ్మాలంటే ముందు ఇది చెప్పండి. ఏది నిజం?”

ఆ ప్రశ్నకి జవాబు నా ఒక్కదాని దగ్గరే ఉంది. చెబితే నా పటం విలువ పోతుంది, పటంతోపాటు ఆ ఐదిళ్ళూ పోతాయి. చెప్పకపోతే ఆ ఇంట్లో తిన్న అన్నానికి ద్రోహం. నోరు తెరిచాను.

వెనక బెంచీ నుంచి మేవిస్ ఆంటీ గొంతు వినిపించింది.

“ఆ రోజు మేం చేపలకి పోయాం. ఇల్లంతా పోయాం. పిల్ల తట్టే ఉంటుంది, తీసేవాళ్ళెవరు? మీరు చేపలకి పోయినప్పుడు మీ ఇంట్లో ఎవరుంటారు సార్?”

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి కాగితాలు కింద పెట్టాడు. సాయంత్రానికి గీత మారింది. ముందు వీధి వదిలి, మడ అడవి అంచుదాకా జరిగింది. బాటతో సహా ఐదు వంటిళ్ళూ లోపలికి వచ్చాయి. కార్లు నిలిపే చోటు ఊరికి అవతల వైపు వెతుక్కున్నారు.

నేను విన్న నవ్వులు పక్కింటివేమో, ఆవిడ నిజంగానే చేపలకి వెళ్ళిందేమో అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. అలా నమ్మడం నాకు సుఖంగా ఉంది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ‘ఖాళీ’ అని నేను రాయలేదు. ‘నేను లోపలికి వెళ్ళలేదు’ అని రాసేదాన్ని. కింది వాళ్ళ చేతా అలాగే రాయించాను. జెస్సీ, నీకూ నాలా సిగ్గుంటే అది పోదు, నాకూ పోలేదు. దాన్ని మాత్రం ఇంకొకరి ఇంటి మీద రాయకు. పాత పేటలు వాటంతటవి నిలబడవు. ఎవరో రోజూ పొయ్యి వెలిగిస్తూ ఉంటే నిలబడతాయి. చట్టం తర్వాత వస్తుంది, మనం దాని తర్వాత వస్తాం.

మెట్టు మీద

తొంభైల మొదట్లో నాకు దక్షిణాన వేరే పని ఇచ్చారు. వెళ్ళేముందు ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. మేవిస్ ఆంటీకి నడక తగ్గింది. అయినా పొయ్యి ఎవరికీ వదల్లేదు. నాతో పాటు దిన్ అంకుల్, పక్కింటి వాళ్ళు, ఎవరెవరో వచ్చి తిన్నారు. టాక్సీ వచ్చింది. ఆవిడ వంటింటి మెట్టుదాకా వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. జానెడు కిటికీ ఆవిడ భుజం పక్కనే ఉంది.

ఈసారైనా చెప్పేద్దామనుకున్నాను. “ఆంటీ, ఆ మొదటి కాగితం...” అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తర్వాతి వానాకాలంలో ఆవిడ పోయిందని దిన్ అంకుల్ ఉత్తరం రాశాడు. అందుకని నాతో ఆవిడ అన్న చివరి మాటలు ఇవే.

“ఆ రోజు ఎంతసేపు నిలబడ్డావే గేటు దగ్గర! చూస్తూనే ఉన్నాను. లోపలికొస్తావని నీకూ కలిపి ఇంకో గుప్పెడు బియ్యం పోశాను.”